మణికట్టు మీది నీటి గడ్డ: వదిలేయాలా, ఆపరేషన్ చేయించుకోవాలా, ఎలా సిద్ధపడాలి

చేతిలోనూ మణికట్టు దగ్గరా తేలే గడ్డల్లో సగానికి పైగా గ్యాంగ్లియన్ అనే నీటి గడ్డలే ఉంటాయి. ఇవి క్యాన్సర్ కావు, ఏళ్ల తరబడి వదిలేసినా క్యాన్సర్‌గా మారవు. 20 నుంచి 40 ఏళ్ల మధ్య వయసువారిలో, మగవారికంటే ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. ఆపరేషన్‌తో వీటిని తీసివేయవచ్చు. అయితే తీయించుకోవాలా వద్దా అన్నది చాలామంది విషయంలో వైద్యుడికంటే ఆ చేతితో రోజూ పని చేసుకునే మనిషే తేల్చుకోవలసిన సంగతి. తొందర పెట్టే జబ్బు కాదు గనుక, వివరం తెలుసుకుని తీరిగ్గా నిర్ణయించుకునే వెసులుబాటు మీకు ఉంది. గడ్డ కనిపించిన రోజు నుంచి కుట్లు విప్పించుకుని మళ్లీ పనిలో పడే వరకు ఏమేం చేయాలో వరుసగా చూద్దాం.

ముందుగా గడ్డను మీరే పరిశీలించుకోండి

గడ్డ ఎక్కడ వచ్చిందన్నదే సగం విషయం చెబుతుంది. అరచేతికి వెనుక వైపు, మణికట్టు మధ్య భాగంలో వచ్చేవి అన్నిటికంటే ఎక్కువ. నీటి గడ్డల్లో 60 నుంచి 70 శాతం ఇక్కడే వస్తాయి. మణికట్టును కిందికి వంచితే పైకి ఉబికి కనిపించి, వెనక్కి వంచితే దాదాపు మాయమవుతాయి. రెండో చోటు మణికట్టు లోపలి వైపు, బొటనవేలి పక్కన, వైద్యులు నాడి పట్టి చూసే తావు. మూడోది వేలి మొదట్లో, అరచేతి వైపున వచ్చే శనగగింజంత గట్టి గడ్డ. ఇది చూడటానికి కనిపించకపోయినా బకెట్టు పట్టుకున్నప్పుడూ స్కూటర్ హ్యాండిల్ బిగించినప్పుడూ ఒత్తుకుని నొప్పి పెడుతుంది. నాలుగోది వేలి చివరి కీలు మీద, గోటికి కాస్త వెనుకగా, వయసు పైబడి కీళ్లు అరిగినవారిలో వచ్చే పలుచటి తొడుగున్న బుడగ. ఇది గోరు పుట్టే చోటును నొక్కడం వల్ల గోటి మీద పొడవునా గాడి పడుతుంది. కొందరు ముందు ఆ గాడిని చూసి గోటి జబ్బనుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళతారు.

గడ్డ లోపల ఉండేది నీరు కాదు. కీళ్లలోనూ, కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటి స్నాయువుల తొడుగుల్లోనూ కదలికను సులభం చేసే ద్రవానికి దగ్గరగా ఉండి, దానికంటే ఎంతో చిక్కగా ఉండే, రంగులేని జిగురు పదార్థం అది. బుడగకు ఒక సన్నని కాడ ఉంటుంది. ఆ కాడ కీలు పొర లోపలికి దిగుతుంది. మణికట్టు వెనుక వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం స్కాఫాయిడ్, లూనేట్ అనే రెండు చిన్న ఎముకలను కలిపే లిగమెంట్ అనే గట్టి బంధనం దగ్గర మొదలవుతాయి. కీలు కదిలినప్పుడు ద్రవం ఆ కాడ గుండా బుడగలోకి చేరుతుంది కానీ అంత సులువుగా వెనక్కి పోదు. ఎక్కువ పని చేసిన రోజు పెరిగి, నాలుగు రోజులు విశ్రాంతి ఇస్తే తగ్గే లక్షణం ఇందువల్లే వస్తుంది. అలా పెరుగుతూ తరుగుతూ ఉండటం దాదాపుగా నీటి గడ్డ అనడానికి మంచి గుర్తు.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చి వెలిగించి, గడ్డకు ఒక పక్కన చర్మానికి ఆనించి పట్టుకోండి. నీటి గడ్డ అయితే వెలుగు గడ్డ అంతటా పాకి ఎర్రటి కాంతితో తేటగా మెరుస్తుంది. కొవ్వు గడ్డ గానీ గట్టి కణితి గానీ అయితే చీకటిగానే మిగులుతుంది. చిన్న గడ్డలకూ, లోతుగా ఉన్నవాటికీ ఈ పరీక్ష పని చేయదు కాబట్టి వెలుగు రానంత మాత్రాన కంగారు పడవద్దు, వచ్చినంత మాత్రాన వైద్యుడికి చూపించడం మానవద్దు.

నీటి గడ్డ కానివి

చేతిలో వచ్చే ప్రతి గడ్డా ఇది కాదు. దర్జీ పనివారికీ, మెకానిక్‌లకూ, ముల్లో సూదో గుచ్చుకున్నవారికీ నెలలు గడిచాక అదే చోట చర్మం లోపల తెల్లటి ముద్దతో నిండిన తిత్తి ఏర్పడవచ్చు. చర్మపు కణాలు లోపలికి నెట్టుకుపోయి పెరగడం వల్ల వచ్చే ఇది కూడా హాని లేనిదే, తొడుగుతో సహా తీసేస్తే పోతుంది. వేలి పక్కన గట్టిగా, మెల్లగా పెరిగే గడ్డ స్నాయువు తొడుగు నుంచి పుట్టిన జెయింట్ సెల్ కణితి కావచ్చు. చేతి వెనుక ఎముకంత గట్టిగా కదలకుండా ఉన్నది నిజంగానే ఎముక ఉబ్బు కావచ్చు. గోటి కింద చల్లనీళ్లు తగిలితే ప్రాణం పోయేంత నొప్పి పెట్టే చిన్న చుక్కలాంటిది గ్లోమస్ కణితి. వేలు పెట్టి చూస్తే గుండెతో పాటు కొట్టుకునే గడ్డ రక్తనాళపు ఉబ్బు. దాని జోలికి సూదితో ఎవరూ వెళ్లకూడదు.

మన దేశంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది మరొకటుంది. మణికట్టు లోపలి వైపు పైనా, అరచేతిలో కిందా రెండు వాపులు ఉండి, ఒకదాన్ని నొక్కితే ద్రవం రెండోదానిలోకి వెళ్లినట్టు చేతికి తెలుస్తుంటే, దానితో పాటు వేళ్లు బిగుసుకుపోతుంటే, అది స్నాయువుల తొడుగుకు పట్టిన క్షయ కావచ్చు. కాంపౌండ్ పామర్ గ్యాంగ్లియన్ అని దీన్ని పిలుస్తారు. పేరులో గ్యాంగ్లియన్ అనే మాటే ఉన్నా, మామూలు నీటి గడ్డకు దీనికి సంబంధం లేదు. లోపల బియ్యపు గింజల్లాంటి తెల్లటి రేణువులు ఉంటాయి, నెలల తరబడి క్షయ మందులు వాడవలసి వస్తుంది. కాబట్టి రెండు వాపులున్నప్పుడు, సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా గతంలో క్షయ ఉండటం లాంటి విషయాలు అడగకపోయినా వైద్యుడికి చెప్పండి.

గడ్డ కొన్ని వారాల్లోనే వేగంగా పెరిగినా, రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి ఉన్నా, మీది చర్మం ఎర్రబడి సెగలు కక్కుతున్నా, వేళ్లలో తిమ్మిరి లేదా పట్టు తగ్గడం మొదలైనా ఆలస్యం చేయవద్దు.

చేయకూడని పనులు

బరువైన పుస్తకంతో గడ్డ మీద ఒక్క దెబ్బ వేస్తే పగిలిపోతుందన్న వైద్యం ఒకప్పుడు ఐరోపాలో ఎంత ప్రచారంలో ఉండేదంటే, ఇంగ్లీషులో దీనికి బైబిల్ గడ్డ అన్న పేరే వచ్చింది. దెబ్బకు బుడగ పగలవచ్చు, ద్రవం చుట్టూ పాకి గడ్డ మాయమైనట్టూ ఉండవచ్చు. కాడ అలాగే ఉంటుంది గనుక మళ్లీ నిండుతుంది, మధ్యలో కింది చిన్న ఎముకలకు దెబ్బ తగిలే ప్రమాదం అదనం. రూపాయి బిళ్ల పెట్టి బిగించి కట్టడం, వాత పెట్టించడం, ఆకు పసరు కట్టి చర్మం పొక్కించుకోవడం ఇవేవీ లోపలి కాడను తాకవు. ఇవి మిగిల్చిన మచ్చల వల్ల తర్వాత ఆపరేషన్ చేసేటప్పుడు కోత ఎక్కడ పెట్టాలన్నదే సమస్య అవుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంట్లో సూదితో పొడవడం. ముఖ్యంగా వేలి చివరి కీలు మీది పలుచటి బుడగను గుచ్చితే సూక్ష్మజీవులు నేరుగా కీలులోకి చేరి చీము పట్టించగలవు.

ఎవరికి చూపించాలి

ఎముకల వైద్యులు, ప్లాస్టిక్ సర్జన్లు, జనరల్ సర్జన్లు ముగ్గురూ ఈ ఆపరేషన్ చేస్తారు. మణికట్టు వెనుక వచ్చిన మామూలు గడ్డకు వీరిలో అనుభవమున్న ఎవరైనా సరిపోతారు. మణికట్టు లోపలి వైపు గడ్డకు, వేలి చివరి గడ్డకు, ఒకసారి తీశాక మళ్లీ వచ్చిన గడ్డకు మాత్రం చేతి శస్త్రచికిత్సలో ప్రత్యేకంగా పని చేసినవారిని వెదకడం మంచిదని నా అభిప్రాయం. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆసుపత్రి, నిమ్స్, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి చోట్ల ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి.

పరీక్షల సంగతికి వస్తే, చూసి, నొక్కి, టార్చి వేసి చూస్తేనే చాలా గడ్డలు తేలిపోతాయి. ఎముకలో ఏదైనా తేడా ఉందేమో తెలియడానికి ఎక్స్‌రే, గడ్డ ద్రవమా ఘనమా, పక్కన ధమని ఎంత దగ్గరగా ఉందో తెలియడానికి అల్ట్రాసౌండ్ స్కాన్ సాధారణంగా సరిపోతాయి. ఎం.ఆర్.ఐ. అందరికీ అవసరం లేదు. గడ్డ బయటికి కనిపించకుండా మణికట్టు మాత్రం నొప్పి పెడుతున్నప్పుడో, నిర్ధారణలో అనుమానం ఉన్నప్పుడో దాని వల్ల ఉపయోగం ఉంటుంది. కనిపిస్తున్న మెత్తటి గడ్డకు మొదటి రోజే ఎం.ఆర్.ఐ. రాస్తే, దేనికోసమని అడగడానికి మొహమాట పడవద్దు.

కొన్నాళ్లు ఆగి చూడండి

ఏమీ చేయకపోవడం కూడా ఇక్కడ ఒక చికిత్సే. పెద్దవారిలో దాదాపు సగం గడ్డలు వాటంతట అవే కరిగిపోతాయి, కాకపోతే అందుకు నెలలు కాదు, ఏళ్లు పట్టవచ్చు. పిల్లల్లో ఈ అవకాశం ఇంకా ఎక్కువ. అందుకే పదేళ్ల పిల్లవాడి మణికట్టు మీద నొప్పి లేని గడ్డకు కత్తి పట్టడానికి అనుభవమున్న సర్జన్లు ఇష్టపడరు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మణికట్టు వెనుక గడ్డలున్న 236 మందిని సగటున ఆరేళ్ల తర్వాత పలకరించి, 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. ఆపరేషన్ చేయించుకున్నవారు, సూదితో తీయించుకున్నవారు, ఏమీ చేయించుకోనివారు అని మూడు వర్గాలుగా చూస్తే, నొప్పి తగ్గడంలో వారి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సంతృప్తి మాత్రం ఆపరేషన్ చేయించుకున్నవారిలోనే ఎక్కువ. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించడం మీ నిర్ణయానికి పనికొస్తుంది.

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువారికి మరో సంగతి తెలిసి ఉండాలి. అక్కడి జాతీయ ఆరోగ్య సేవ 2018లో కొన్ని ఆపరేషన్లను తగిన కారణం ఉంటే తప్ప చేయకూడదని పరిమితం చేసింది. ఆ జాబితాలో గ్యాంగ్లియన్ ఆపరేషన్ కూడా ఉంది. చూడటానికి బాగాలేదన్న కారణం ఒక్కటే చెబితే అక్కడ జీపీ, అంటే మొదట చూసే కుటుంబ వైద్యుడు, ముందుకు పంపకపోవచ్చు.

ఆగి చూసే రోజుల్లో గడ్డకు పక్కన స్కేలు పెట్టి నెలకొకసారి ఫోటో తీసి ఉంచుకోండి. ఏ పని చేస్తే నొప్పి వస్తోందో రాసుకోండి. మణికట్టు వెనుక గడ్డ ఉన్నవారికి చేతిని వెనక్కి వంచి బరువు మోపినప్పుడు, అంటే నేల మీద చేయి ఊని లేచేటప్పుడు, సూర్యనమస్కారాలు వేసేటప్పుడు, చపాతీ పిండి ఒత్తేటప్పుడు ఎక్కువగా నొప్పి వస్తుంది. ఆ పనులను కొన్ని వారాలు తగ్గించడం, రాత్రిపూట మణికట్టు పట్టీ పెట్టుకోవడం వల్ల కొందరికి గడ్డ చిన్నదవుతుంది. పట్టీని రోజంతా నెలల తరబడి వాడితే కండరాలు బలహీనపడతాయి.

సూదితో తీయించుకోవడం

ఇది ఓ.పీ.లోనే పది నిమిషాల్లో అయిపోతుంది. చర్మానికి మత్తు ఇచ్చి, లావుపాటి సూదితో బుడగలోని పదార్థాన్ని లాగుతారు. మామూలు రక్తపరీక్షకు వాడే సన్నని సూదిలోంచి ఇది రాదు, అంత చిక్కన. లావు సూది పెట్టినా సిరంజి పిడిని వైద్యుడు బలంగా వెనక్కి లాగి పట్టుకుంటేనే మెల్లగా, తేటగా, ముద్దలా సిరంజిలోకి దిగుతుంది. అది చూడగానే రోగికీ వైద్యుడికీ ఇద్దరికీ నిర్ధారణ అయిపోతుంది, క్యాన్సరేమోనన్న భయం అక్కడితో తీరుతుంది. నిజానికి సూది చికిత్స వల్ల అన్నిటికంటే ఖాయంగా దక్కే లాభం ఇదే.

మళ్లీ రావడం మాత్రం సగం మందికి పైగా తప్పదు. 2015లో అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో సూదితో తీసినవి సగటున 59 శాతం, కోసి తీసినవి 21 శాతం మళ్లీ వచ్చాయి. బుడగ ఖాళీ చేశాక స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇవ్వడం వల్ల ఈ లెక్క పెద్దగా మారుతుందని తేలలేదు. వేలి మొదట్లో వచ్చే శనగగింజ గడ్డకు మాత్రం సూది చికిత్స బాగా పని చేస్తుంది, దానికి మొదట అదే చేయించుకోవాలి. మణికట్టు లోపలి వైపు గడ్డ ధమనిని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి అక్కడ స్కాన్‌లో చూస్తూ తప్ప సూది వేయించుకోవద్దు.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

ఆపరేషన్‌కు సరైన కారణాలు మూడు: పనికి అడ్డం వచ్చే నొప్పి, నరం ఒత్తుకుని తిమ్మిరి లేదా బలహీనత, గోరు పాడవడం లేదా చర్మం పలచబడి చిట్లే పరిస్థితి. నాలుగోది అందం. దాన్ని తక్కువ చేసి మాట్లాడనవసరం లేదు, చేయి నలుగురికీ కనిపించే అవయవమే. అయితే గడ్డ పోయిన చోట మచ్చ ఉంటుందనీ, గడ్డలాగా అది తనంతట తాను పోదనీ ముందే గ్రహించి ఒప్పుకోవాలి. గతంలో గాయాలు మానినప్పుడు మచ్చలు ఉబ్బెత్తుగా పెరిగే శరీరతత్వం మీదైతే ఈ కారణంతో ఆపరేషన్‌కు వెళ్లకపోవడమే మేలు.

సర్జన్‌ను అడగవలసినవి ఇవి. కాడ దాకా వెళ్లి తీస్తారా, లేక పైకి కనిపించే బుడగనే తీస్తారా? బుడగను మాత్రమే కోయడం కాయను తెంపి తీగను వదిలేయడమే. ఏ మత్తు ఇస్తారు? కోత ఏ దిక్కున పెడతారు? తీసిన భాగాన్ని బయాప్సీకి పంపుతారా? పంపమనే చెప్పండి, ఖర్చు పెద్దది కాదు, నూటికి ఒకటి రెండు సందేహాలున్నా తీరిపోతాయి. మీరు ఏ పని చేస్తారో, ఏ చేతివాటమో చెప్పి, ఎన్నాళ్లకు ఆ పనికి తిరిగి వెళ్లగలరో అడగండి. వీణ వాయించేవారికీ, బండలు మోసేవారికీ, కంప్యూటర్ ముందు కూర్చునేవారికీ జవాబు ఒకటి కాదు.

ఆరోగ్య బీమా ఉన్నవారు పాలసీ కాగితాన్ని ఒకసారి తిరగేయాలి. హాని లేని గడ్డలు, తిత్తుల ఆపరేషన్లకు మన దేశంలో చాలా పాలసీల్లో మొదటి రెండేళ్లు నిరీక్షణ కాలం ఉంటుంది. రాత్రి ఆసుపత్రిలో ఉండనవసరం లేని ఆపరేషన్ కాబట్టి డే కేర్ కింద వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. వైద్యుడి చీటీలో నొప్పి, పనికి ఆటంకం ఉన్నట్టయితే ఆ మాట రాసి ఉండేలా చూసుకోండి. అందం కోసం చేసినవాటికి బీమా డబ్బు రాదు.

ముందు రోజు, ఆ రోజు ఉదయం

షుగరు, బీపీ మందులు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే వారం ముందే చెప్పాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి మీ అంతట మీరు ఆపవద్దు. గుండెకు స్టెంట్ ఉన్నవారు వాటిని ఆపడం గడ్డకంటే పెద్ద ప్రమాదం. ఏ మందుకైనా, మత్తు మందు లిగ్నోకెయిన్‌తో సహా, గతంలో దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చి ఉంటే కాగితం మీద రాసి ఇవ్వండి.

ఆ చేతికి ఉన్న ఉంగరాలు, గాజులు, కంకణం, తోరం అన్నీ ఇంట్లోనే తీసేయండి. ఏళ్ల తరబడి తీయని ఉంగరం బిగుసుకుపోయి ఉంటే సబ్బునీళ్లతో ముందు రోజు రాత్రే ప్రయత్నించాలి. థియేటర్ బల్ల మీద దాన్ని కత్తిరించవలసి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు, వాపు వచ్చాక ఉంగరం వేలికి రక్తం ఆడనివ్వదు. వారం ముందు నుంచి గోళ్లకు గోరింటాకు, నెయిల్ పాలిష్ పెట్టుకోవద్దు. రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు గోటి మీదే పెడతారు. ముంజేతి వెంట్రుకలు ఇంట్లో గొరుక్కోవద్దు, బ్లేడు గీతల్లోంచి సూక్ష్మజీవులు చేరతాయి. మోచేయి నుంచి వేళ్ల దాకా సబ్బుతో కడుక్కుని, గోళ్లు కత్తిరించుకుని వెళితే చాలు. స్థానిక మత్తు తప్ప మరేదైనా ఇస్తామంటే ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి తిండి, రెండు గంటల ముందు నుంచి మంచినీళ్లు మానేయాలి. వెంట ఒకరిని తీసుకెళ్లండి, తిరిగి వచ్చేటప్పుడు బండి మీరు నడపకూడదు.

మణికట్టు లోపలి గడ్డ అయితే ముందుగా ఒక చిన్న పరీక్ష చేస్తారు. మిమ్మల్ని పిడికిలి బిగించమని, మణికట్టు దగ్గర రెండు ధమనులనూ వేళ్లతో గట్టిగా అదిమి పట్టి, పిడికిలి తెరవమంటారు. అరచేయి పాలిపోయి ఉంటుంది. చిటికెన వేలి వైపు ధమనిని వదలగానే కొన్ని క్షణాల్లో అరచేయి అంతా ఎర్రబారితే, ఆ ఒక్క ధమనే చేతికి సరిపడా రక్తం ఇవ్వగలదన్నమాట. బొటనవేలి వైపు ధమని గడ్డకు అతుక్కుని ఉంటుంది కాబట్టి ఈ భరోసా కావాలి.

థియేటర్‌లో జరిగేది

చాలామందికి చేయి మాత్రమే మొద్దుబారేలా మెడ పక్కన లేదా చంకలో ఇంజక్షన్ ఇస్తారు. చిన్న గడ్డలకు ఆ చోట ఇచ్చే మత్తు చాలు. ఈ మధ్య లిగ్నోకెయిన్‌లో అడ్రినలిన్ కలిపి ఇచ్చి, రక్తస్రావం తగ్గడానికి దాదాపు అరగంట ఆగి, రక్తం ఆడకుండా పైచేతికి బిగించే పట్టీ లేకుండానే ఆపరేషన్ చేసే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. పట్టీ బిగించే పద్ధతిలో, మెలకువగా ఉన్నవారికి ఇరవై ముప్పై నిమిషాలు దాటితే గడ్డ దగ్గరకంటే పట్టీ దగ్గరే బాధ ఎక్కువగా ఉంటుంది. అది మామూలే, ఓర్చుకోలేకపోతే వెంటనే చెప్పాలి.

మణికట్టు వెనుక గడ్డకు చర్మపు ముడతల వెంట అడ్డంగా రెండు మూడు సెంటీమీటర్ల కోత పెడతారు. చర్మం కిందే వెంట్రుకల్లా సాగే స్పర్శ నరాలను పక్కకు తప్పించి, వేళ్లను పైకి లేపే స్నాయువులను మెల్లగా ఎడం చేస్తే, నీలి ఛాయలో పలుచటి గోడతో బుడగ కనిపిస్తుంది. అసలు పని అక్కడి నుంచి మొదలవుతుంది. బుడగను పగలనివ్వకుండా కాడ వెంట కిందికి దిగి, కీలు పొరను చేరి, కాడ మొదలున్న చోట ఆ పొరను కొద్దిగా చుట్టూ కలిపి తీస్తారు. దాని కిందే ఉన్న స్కాఫాయిడ్, లూనేట్ ఎముకల లిగమెంట్‌కు గీత పడకూడదు. అది తెగితే మణికట్టు నిలకడే పోతుంది. పొరలో ఏర్పడిన చిన్న కిటికీని సాధారణంగా కుట్టరు, కుడితే మణికట్టు బిగుసుకుపోతుంది. చర్మం మాత్రమే కుట్టి, ఒత్తుగా కట్టు కడతారు. అంతా కలిపి అరగంట నుంచి ముప్పావు గంట పని.

వేలి చివరి గడ్డలో దృష్టంతా బుడగ మీద కాక దాని కింద అరిగిన కీలు అంచున పెరిగిన ఎముక ముల్లు మీద ఉంటుంది. ఆ ముల్లును గీకి తీస్తేనే గడ్డ తిరిగి రాకుండా ఉంటుంది. మీది చర్మం బాగా పలచబడి ఉంటే పక్క చర్మాన్ని జరిపి కప్పవలసి రావచ్చు. గోటి మీది గాడి తర్వాత కొత్త గోరు పెరిగే కొద్దీ, నెలల మీద సర్దుకుంటుంది.

సన్నని కెమెరా గొట్టంతో చేసే ఆర్థ్రోస్కోపీ పద్ధతిలో మచ్చ చిన్నది. మళ్లీ రావడం కూడా తక్కువేనని కొన్ని లెక్కలు చెబుతున్నాయి. అయితే అది చేసే సర్జన్ చేతి అలవాటును బట్టి ఉంటుంది, ఖర్చూ ఎక్కువ.

ఇంటికి వచ్చాక

మత్తు వదిలే వరకు, ఇంజక్షన్‌ను బట్టి ఇది ఆరు నుంచి పన్నెండు గంటలు పట్టవచ్చు, చేయి మీది కాదన్నట్టు ఉంటుంది. గుడ్డ ఊయలలో పెట్టుకుని ఉండండి, పొయ్యి దగ్గరికీ వేడి పాత్రల దగ్గరికీ వెళ్లవద్దు. కాలినా తెలియదు. మత్తు పూర్తిగా పోకముందే నొప్పి మాత్ర వేసుకుంటే ఆ రాత్రి తేలిగ్గా గడుస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు చేయి గుండెకంటే ఎత్తులో ఉండాలి. కూర్చున్నప్పుడు రెండు దిండ్ల మీద, పడుకున్నప్పుడు పక్కన దిండు మీద పెట్టుకోండి. చేయి కిందికి వేలాడేసుకుని తిరిగితే వాపు వస్తుంది, వాపు వస్తే నొప్పి, నొప్పి వల్ల కదపకపోవడం, కదపకపోవడం వల్ల బిగుసుకుపోవడం, ఒకదాన్నొకటి లాక్కుని వస్తాయి. అందుకే ఆ సాయంత్రం నుంచే, కట్టు బయట ఉన్న వేళ్లన్నిటినీ పూర్తిగా ముడిచి పూర్తిగా చాచడం, గంటకొకసారి పదేసి సార్లు, మొదలుపెట్టాలి. కుట్లు తెగుతాయేమోనని వేళ్లు కదపకుండా వారమంతా ఉంచుకోవడమే నేను చూసినంతలో ఎక్కువమంది చేసే పని, ఎక్కువ నష్టం చేసేది కూడా అదే. వేళ్లు కదిపితే కుట్లు తెగవు. భుజం, మోచేయి కూడా రోజుకు నాలుగైదు సార్లు తిప్పండి.

కట్టు తడవనివ్వవద్దు. స్నానం చేసేటప్పుడు ప్లాస్టిక్ సంచి చుట్టి పైన రబ్బరు బ్యాండు వేయండి. కట్టు విప్పి పసుపు, కొబ్బరినూనె, ఏదో పొడి చల్లడం ఈ దశలో కూడదు.

తిండి విషయంలో మన ఇళ్లలో పెద్ద చర్చే జరుగుతుంది. పప్పు తింటే చీము పడుతుందనీ, వంకాయ, గోంగూర, గుడ్డు పనికిరావనీ పెద్దలు చెబుతారు, చెప్పేవారిది ప్రేమే. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు మీకు అలవాటున్నవి మామూలుగా తినండి. అదుపు చేయవలసింది షుగరు ఉన్నవారు షుగరును, పొగ తాగేవారు సిగరెట్టును.

వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, మత్తు వదిలాక కూడా తిమ్మిరి పెరుగుతున్నా, మాత్రలకు లొంగని నొప్పి ఉన్నా కట్టు బిగుసుకుపోయి ఉండవచ్చు. తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం, చీము, చేతి మీద పైకి పాకే ఎర్రటి చారలు కూడా అంతే.

కుట్లు 10 నుంచి 14 రోజులకు విప్పుతారు. ఆ తర్వాత మణికట్టును మెల్లగా కిందికీ పైకీ వంచడం మొదలుపెట్టాలి. వెనుక గడ్డ తీసినవారికి కిందికి వంచేటప్పుడు కొన్ని వారాలు పట్టేసినట్టు ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో చేయి ముంచి చేస్తే సులువు. గాయం పూర్తిగా మూసుకున్నాక, దాదాపు మూడో వారం నుంచి, మచ్చ మీద కొబ్బరినూనెతో రోజుకు రెండు మూడు సార్లు వేలితో ఒత్తి గుండ్రంగా రుద్దితే అది కింది పొరలకు అతుక్కోకుండా మెత్తబడుతుంది. మచ్చ రంగు తేరుకోవడానికి ఏడాది పడుతుంది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఒకటి రెండు వారాల్లో, బరువులెత్తే పనికి, వ్యాయామానికి నాలుగు నుంచి ఆరు వారాల్లో తిరిగి వెళ్లవచ్చు. బ్రేకు గట్టిగా నొక్కగలిగితేనే స్కూటర్.

మచ్చ చుట్టూ కొంచెం మొద్దుబారినట్టు ఉండటం చాలామందిలో ఉండేదే, నెలల్లో తగ్గుతుంది. మచ్చను తాకితే కరెంటు కొట్టినట్టు అనిపిస్తే సన్నని నరం దెబ్బతిని ఉండవచ్చు, చూపించాలి. అరుదుగా కొందరిలో గాయానికి మించిన నొప్పి, చేయంతా వాపు, చర్మం నిగనిగలాడటం, చెమట పట్టడం కనిపిస్తాయి. ఇది నరాలు అతిగా స్పందించడం వల్ల వచ్చే బాధ. ఎంత త్వరగా ఫిజియోథెరపీ మొదలుపెడితే అంత మంచిది.

మళ్లీ వస్తే

ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని వారాల్లో అదే చోట కనిపించే ఉబ్బు చాలాసార్లు లోపలి వాపే, గడ్డ కాదు. మూడు నెలలు దాటాక మెత్తటి బుడగ మళ్లీ తేలితే స్కాన్ చేయించండి. మళ్లీ వచ్చినంత మాత్రాన మళ్లీ కోయించుకోవాలని లేదు. మొదటిసారి వేసుకున్న ప్రశ్నే ఇప్పుడూ వేసుకోవాలి, ఈ గడ్డ నా పనికి అడ్డమా అని. రెండోసారి ఆపరేషన్‌లో మచ్చల మధ్య నరాలను వెతుక్కోవలసి వస్తుంది కనుక ప్రమాదం కాస్త ఎక్కువ. అటువైపే మొగ్గితే మొదటి ఆపరేషన్ వివరాలు రాసిన డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, పాత స్కాన్లు తీసుకుని చేతి శస్త్రచికిత్స నిపుణుడి దగ్గరికే వెళ్లండి. కాడ ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి సర్జన్ ఆ కాగితంలో రాసి ఉంటే రెండోవారి పని ఎంతో తేలికవుతుంది.